గోలీలు చేతిలో పెట్టే మనిషి ఊరికి పోతే పన్నెండు రోజులు వేసుకోలేదు, ఇది ఎట్ల మార్చుకోవాలి?

ఉదయసముద్రం (నల్గొండ):

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. నాకు 44 ఏళ్లు. నల్గొండలో సిమెంటు, ఇనుము షాపు ఉంది. పొద్దున తొమ్మిదింటికి గల్లా దగ్గర కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేవడం, మధ్యలో నడక అంటే గోదాం వరకే, ఇప్పుడు షాపులో పిల్లగాడు ఉన్నాడు కాబట్టి అది కూడా లేదు. చాయ్ రోజుకు ఆరేడు సార్లు. మేస్త్రీ వస్తే ఒకటి, కాంట్రాక్టర్ వస్తే ఒకటి, అన్నీ చక్కెరవే.

రెండేళ్ల కింద షుగర్ బయటపడింది. అప్పుడు మూడు నెలల షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, 8.1 ఉంది. గోలీలు మొదలుపెట్టాక 7.4కు దిగి అక్కడే ఆగింది. ఇంతవరకు అందరి ఇళ్లలో ఉన్నదే.

పోయిన నెల మా ఇంటామె నాగర్‌కర్నూల్‌లో వాళ్ల అమ్మగారింటికి పోయింది, చెల్లెలి కాన్పు ఉంటే. పన్నెండు రోజులు. పోయేముందు గోలీల డబ్బా ఫ్రిజ్ మీద పెట్టి, నన్ను పిలిచి చూపించి మరీ పోయింది. తిరిగి వచ్చిన రోజు చేతిలో సంచి కింద పెట్టకముందే ఆ డబ్బా తీసి చూసింది. పెట్టిన పట్టీలు పెట్టినట్టే ఉన్నాయి. నన్ను ఒక్క మాట అనలేదు. గోలీలు లెక్కపెట్టి, మళ్లీ డబ్బాలో సర్ది, వంటింట్లోకి పోయింది. తిట్టినా బాగుండేది. తెల్లారి పరగడుపున చూపించుకుంటే 214.

అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. పొద్దున గుర్తొస్తే రాత్రి వేసుకుందాం అనుకున్నాను, రాత్రి గుర్తొస్తే తెల్లారి చూద్దాం అనుకున్నాను. ఆమె చేతిలో పెడితే మింగడం వరకే నా పని, మిగతాది ఆమెది అన్నట్టు అలవాటు పడిపోయాను.

భయం ఎందుకంటే ఇది మా ఇంట్లో నేను ఒకసారి చూశాను. మా నాయనకు బీపీ ఉండేది. ఆయన గోలీలు మా అమ్మే చూసుకునేది. 2011లో అమ్మ పోయింది. ఆ తర్వాత నాయన "నాకేం నొప్పి లేదు కదా" అని బీపీ గోలీలు మానేశాడు. మోకాళ్ల నొప్పులకు మాత్రం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నొప్పి గోలీలు రోజూ వేసుకున్నాడు. కొడుకులం ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం, ఒక్కడంటే ఒక్కడం అడగలేదు. నాలుగేళ్లకు కాళ్లు వాచాయి. రక్తం చూస్తే క్రియాటినిన్, అదే కిడ్నీ ఎట్ల పనిచేస్తుందో చెప్పే అంకె, 7 దాటింది. ఇంక వారానికి రెండుసార్లు డయాలసిస్, ఏడాదిన్నర. ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నది నేనే. నేను ఇట్ల చేసుకోను అని అక్కడే గట్టిగా అనుకున్నాను. ఇప్పుడు చూస్తే నాయన చేసిందే చేస్తున్నాను, నా అమ్మ స్థానంలో నా భార్య ఉంది, అంతే తేడా.

కాబట్టి నాకు డైట్ చార్ట్ వద్దు, ఫోన్‌లో అవి చాలానే ఉన్నాయి. తెలియక కాదు, తెలిసీ చేయట్లేదు. ఇది నా పని, ఇంకొకరిది కాదు అని మీలో ఎవరికైనా నిజంగా మనసుకు ఎక్కితే, ఎట్ల ఎక్కింది, ముందు ఏ పని మీ చేతులతో మొదలుపెట్టారు, అది రాయండి.


పాలమూరు టీచరమ్మ (మహబూబ్‌నగర్):

అన్నా, మీ ఇంటామె తిట్టకుండా వంటింట్లోకి పోయింది అన్నారు చూడండి, అక్కడ నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ వంటింట్లోకి పోయిన మనిషిని నేనే. మా ఆయనకు పదిహేడేళ్ల నుంచి షుగర్. పదిహేనేళ్లు గోలీలు నేనే చేతిలో పెట్టాను. డాక్టర్ దగ్గరికి పోతే "ఏ గోలీలు వాడుతున్నారు" అని ఆయన్ని అడుగుతారు, ఆయన నా ముఖం చూస్తారు. "రాత్రి ఏం తింటారు" అని అడుగుతారు, మళ్లీ నా ముఖమే. ఎమ్మే చదివి, ఆఫీసులో ఇరవై మందితో పని చేయించే మనిషి.

రెండేళ్ల కింద మా బడికి వైద్య సిబ్బంది వచ్చి టీచర్లందరికీ బీపీ చూశారు. నాది 160 మీద 100. వాళ్లు మళ్లీ చూశారు, అంతే. ఎప్పటి నుంచి ఉందో ఎవరికి తెలుసు, తల నొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. ఆ రోజు సాయంత్రం ఇంటికి వచ్చి కూర్చుంటే నాకు ఏడుపు వచ్చింది. ఆయన షుగర్ లెక్కలు మూడేళ్లవి నోటికి చెప్పగలను, నా బీపీ చూపించుకుని ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. ఒకరి ఒళ్లు ఇంకొకరు మోస్తుంటే మోసేవాళ్ల ఒళ్లు ఎవరూ చూడరు.

ఆ రాత్రే చెప్పాను, "ఇక నుంచి మీ డబ్బా మీది, నా డబ్బా నాది." ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. మొదటి నెల ఆయన చాలాసార్లు మర్చిపోయారు, నాకు తెలుస్తూనే ఉంది, నోరు మూసుకుని ఉండడానికి నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. రెండో నెల ఆయనే మూడు నెలల షుగర్ పరీక్షకు రక్తం ఇవ్వడానికి ల్యాబ్‌కు పోయారు, ఆయనే రిపోర్టు తెచ్చుకున్నారు. దాన్ని చూసి, నా దగ్గరికి వచ్చి "9 దాటింది" అన్నారు. పదిహేనేళ్లలో ఆయన నోటితో ఆ అంకె చెప్పడం అదే మొదటిసారి. అప్పటిదాకా ఆ అంకె నాది, అప్పుడు ఆయనది అయింది. మీరు అడిగిన "మనసుకు ఎక్కడం" మా ఇంట్లో అట్ల జరిగింది.

ఇంక పనికొచ్చిన విషయాలు. గోలీల డబ్బా ఫ్రిజ్ మీద వద్దు. మా ఆయన బండి తాళం చెవి ఉండే గిన్నెలోనే పెట్టుకున్నారు, తాళం తీయాలంటే డబ్బా జరపాలి. పట్టీ మీద పెన్నుతో తేదీలు రాసుకున్నారు, వేసుకున్నామా లేదా అనే అనుమానమే లేదు. పొద్దున పెద్ద చెరువు కట్ట మీద నడక మొదలుపెట్టారు, నన్ను రమ్మంటే నేను వేరే టైంలో పోతాను అన్నాను, ఎందుకంటే నేను రాని రోజు ఆయన కూడా మానేస్తారని నాకు తెలుసు.

తిండి సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను. జొన్న రొట్టె తింటే షుగర్ రాదు అని మన పాలమూరులో గట్టి నమ్మకం. రొట్టె మంచిదే. 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాముల దాకా ఉంటుంది, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. కానీ పిండి పదార్థం జొన్నల్లోనూ 70 గ్రాములకు దగ్గరే ఉంటుంది. మా ఆయన రెండు రొట్టెలు తిని, "ఇంక బువ్వ తినాలి" అని పైన అన్నం పెట్టుకునేవారు. అది రొట్టెతో భోజనం కాదు, రెండు భోజనాలు. ఇప్పుడు ఒక రొట్టె, పక్కన గోకరకాయనో పుంటికూర పప్పో నిండుగా, అంతే. నాకైతే బీపీ కాబట్టి ఉప్పు. రోజంతా కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దట. ఆ లెక్కన చింతకాయ తొక్కు, ఆవకాయ, అప్పడాలు కలిపితే పొద్దున భోజనంలోనే కోటా అయిపోతుంది. తొక్కు మానడం నాకు గోలీ వేసుకోవడం కన్నా కష్టమైంది, ఇప్పటికీ కష్టమే.


సబ్‌సెంటర్ సిస్టర్ (దేవరకొండ దగ్గర):

టీచరమ్మ చెప్పినవి మంచి మాటలు. నేను పల్లె దవాఖానలో పనిచేస్తాను, రోజూ బీపీ షుగర్ వాళ్లనే చూస్తాను కాబట్టి కొన్ని జాగ్రత్తలు చెప్తాను.

అన్నా, ముందు ఒకటి. తప్పిన గోలీలకు బదులుగా రెండేసి వేసుకోవద్దు. ఇన్ని రోజులు ఆపి, 214 చూశాక మీ డాక్టర్‌ను కలిసి, ఆపిన మాట దాచకుండా చెప్పండి. చాలామంది దాస్తారు. డాక్టర్ ఏమనుకుంటారంటే గోలీలు వేసుకున్నా తగ్గలేదు అని, డోసు పెంచుతారు. అప్పుడు మీరు నిజంగా రోజూ వేసుకోవడం మొదలుపెడితే షుగర్ పడిపోతుంది.

మీ గోలీల పేర్లు మీకు తెలియాలి. "తెల్లది ఒకటి, గులాబీ ఒకటి" అని చెప్పేవాళ్లే నా దగ్గరికి ఎక్కువ వస్తారు. మెట్‌ఫార్మిన్ అయితే తిన్నాక వేసుకుంటే కడుపులో వికారం తక్కువ. గ్లిమెపిరైడ్ లాంటిది తినేముందు వేసుకునేది, వేసుకున్నాక తినాల్సిందే. అది వేసుకుని, షాపులో బేరం ఉందని తిండి మధ్యాహ్నం రెండింటికి తోస్తే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఒక్కసారిగా ఆకలి, మాట తడబడుతుంది. అది 70 కన్నా కిందికి పడిన షుగర్. అప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. శ్రావణ సోమవారాలు, రంజాన్ రోజాలు, ఏ ఉపవాసమైనా ముందే డాక్టర్‌ను అడిగి ఉండాలి.

అంకెల సంగతి. చాలామందికి పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు, మూడు నెలల షుగర్ 7 లోపు ఉంటే మంచిది. బాగా పెద్దవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్ వేరే లెక్క చెప్తారు. 7.4 అంటే మీరు గట్టుకు దగ్గర్లోనే ఉన్నారు అన్నా, దూరం లేదు. అదుపులో లేనంతవరకు ఆ పరీక్ష మూడు నెలలకోసారి. ఏడాదికి ఒకసారి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్, కంటి రెటీనా, పాదాలు. మూత్రం పరీక్ష అసలు మర్చిపోవద్దు, మీ నాయన సంగతి చెప్పారు కదా. కిడ్నీ దెబ్బ తినడం మొదలైనప్పుడు మనిషికి ఏమీ తెలియదు, మూత్రంలోనే ముందు కనబడుతుంది. బీపీ గోలీ ఆపడం ఒకటి, నొప్పి గోలీలు ఏళ్ల తరబడి మింగడం ఇంకొకటి, రెండూ కిడ్నీ మీదే పడతాయి. మీ నాయనకు అదే జరిగి ఉంటుంది అని నాకు అనిపిస్తోంది. మీరు కొడుకులుగా అడగలేదని బాధపడుతున్నారు, కానీ నొప్పి గోలీ కూడా కిడ్నీకి చేటు అని అప్పుడు మీ ఇంట్లో ఎవరికైనా ఎవరు చెప్పారు.

ఇంకొకటి, ఇది మా ఊళ్లలో రోజూ చూసేది. నీరసంగా ఉంది అని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటారు. ఆ అర లీటరు బాటిల్ 5 శాతం డెక్స్ట్రోజ్‌ది అయితే అందులో 25 గ్రాముల గ్లూకోజ్, ఐదారు చెంచాల చక్కెర నేరుగా నరంలోకి పోయినట్టు. నీరసమే షుగర్ పెరిగి వచ్చిందైతే దాని మీద ఇది. ముందు వేలు గుచ్చి చూడమనండి, తర్వాత బాటిల్ సంగతి.

30 దాటిన వాళ్లందరికీ బీపీ, షుగర్ సబ్‌సెంటర్లలో ఉచితంగా చూస్తారు, గోలీలూ ఇస్తారు. ఆశ కార్యకర్త ఇంటికి వస్తే "మాకేం లేదమ్మా" అని తలుపు దగ్గరి నుంచే పంపకండి.


కల్వకుర్తి లారీ:

నేను ఒక్క ముక్క చెప్తా అన్నా. గుట్కా పద్దెనిమిదేళ్లు నమిలాను. నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోవట్లేదు అని తెలిసినప్పుడు మానేశాను. మానడం ఎట్ల అంటే, ఏ హోటల్ దగ్గర లారీ ఆపితే చేయి జేబులోకి పోతుందో ఆ హోటల్ దగ్గర ఆపడమే మానేశాను. డిండి దగ్గర ఒకటి, జడ్చర్ల దాటాక ఒకటి. రూటు అదే, ఆగే చోటు మార్చాను. మీ చాయ్ కూడా అంతే, మనసు మార్చుకోవడం కన్నా ముందు షాపుకు చాయ్ తెచ్చే పిల్లగానికి "నాకు చక్కెర లేనిది, రోజుకు రెండే" అని ఒక్కసారి చెప్పండి. రేపు పొద్దున్నే చెప్పండి.


మర్రిగూడ మనవడు:

అందరూ మంచిగా రాస్తున్నారు, నేను కొంచెం అడ్డంగా మాట్లాడతాను, ఏమనుకోవద్దు. ఎవరి ఆరోగ్యం వాళ్ల బాధ్యత అనే మాట నాకు మింగుడు పడదు. మాది మర్రిగూడ మండలం. మా తాత నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, ఎవరైనా పక్క నుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాడు. ఆయన ఏ తప్పు చేశాడు? బీడీ తాగలేదు, కల్లు తాగలేదు, రోజుకు పది మైళ్లు నడిచాడు, జొన్న గట్క తిన్నాడు. తాగింది బోరు నీళ్లు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ఎముకలకు, పళ్లకు చేటు అంటారు, మా దిక్కు చాలా బోర్లలో దానికి ఎంతో మించి ఉండేది. నీళ్లు కాచి తాగాడు కూడా, ఎవరో చెప్తే. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నా పళ్ల మీద కూడా గోధుమ రంగు చారలు ఉన్నాయి, కాలేజీలో ఫొటో దిగితే నోరు మూసుకునే దిగాను.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది, దాని పేరు నల్గొండ టెక్నిక్. లోకమంతా మన జిల్లా పేరు అట్ల తెలుసు. మా ఊళ్లకు మాత్రం కృష్ణా నీళ్లు నల్లాలో రావడానికి ఒక తరం ముసలిది అయిపోయింది. వంగిన ఎముక మళ్లీ సాపు కాదు. మా తాతను పట్టుకుని నీ ఆరోగ్యం నీ చేతిలో ఉంది అని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

కానీ అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ షాపు పక్కనే ల్యాబ్ ఉంటుంది. గోలీలు ఫ్రిజ్ మీద ఉన్నాయి. ఏం చేయాలో చెప్పే మనిషి ఇంట్లోనే ఉంది. మా తాతకు ఇందులో ఒక్కటీ లేదు. చేతిలో ఉన్నది చేయకపోతే మాత్రం నాకు కోపం వస్తుంది. తప్పుగా అంటే క్షమించండి.


ఉదయసముద్రం (నల్గొండ):

తప్పేం లేదు తమ్మీ. ఈ మాట నేను రాసి పెట్టుకున్నాను.


పాలమూరు టీచరమ్మ (మహబూబ్‌నగర్):

మర్రిగూడ తమ్ముడూ, నీ కోపం న్యాయమే. ఒక్క మాట కలుపుతాను. నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి అడిగినవాళ్లు మీ ఊళ్ల మనుషులే కదా, ఆ వంగిన నడుములతోనే పోయి అడిగారు. అది కూడా ఒంటి గురించి బాధ్యత తీసుకోవడమే అని నేను అనుకుంటాను, ఒక్కరు చేసేది కాదు కాబట్టి దానికి ఆ పేరు పెట్టం. ఇంకో సంగతి, మా బడి పిల్లల ఇళ్లలో కొన్నింట్లో నల్లా నీళ్లు వస్తున్నా రుచి లేదని బోరు నీళ్లే తాగుతున్నారు. పిల్లలకు నేను చెప్పేది ఒకటే, ఇంటికి పోయి మన బోరు నీళ్లు ఎప్పుడైనా పరీక్ష చేయించారా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఇద్దరు తల్లులు బడికి వచ్చి నన్ను అడిగారు, ఎక్కడ చేయిస్తారు టీచర్ అని.


సబ్‌సెంటర్ సిస్టర్ (దేవరకొండ దగ్గర):

అవును, ఫ్లోరైడ్ ఉన్న చోట పిల్లలకు పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ లాంటివి బాగా పెట్టమని మేమూ చెప్తాం, కాల్షియం, సి విటమిన్ తక్కువైతే ఆ జబ్బు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. కానీ ముందు నీళ్లు మార్చాలి, మిగతావన్నీ దాని తర్వాతే.


ఉదయసముద్రం (నల్గొండ), ఏడు వారాల తర్వాత:

అందరికీ మళ్లీ నమస్తే. చెప్పకుండా మాయమైపోయాడు అనుకోవద్దని రాస్తున్నాను.

లారీ అన్న చెప్పింది తెల్లారే చేశాను, అదే అన్నిటికన్నా తేలిక. చాయ్ పిల్లగాడు రెండు రోజులు మర్చిపోయి చక్కెరది తెచ్చాడు, మూడో రోజు నుంచి సరిగ్గా తెస్తున్నాడు. మేస్త్రీలు ఏమీ అనుకోలేదు. ఒకాయన "నాకూ అట్లాంటిదే చెప్పు సేఠ్, నాకూ షుగర్ ఉంది" అన్నాడు, ఆరేళ్ల నుంచి నా దగ్గర సిమెంటు కొంటున్నాడు, ఇద్దరికీ ఒకరిది ఒకరికి తెలియదు.

డాక్టర్ దగ్గరికి ఒక్కడినే పోయాను. గోలీలు ఆపిన సంగతి చెప్పేశాను. ఆయన డోసు మార్చలేదు, ఉన్నవే రోజూ వేసుకుని నెలన్నరకు రమ్మన్నారు. సిస్టర్, మీరు చెప్పకపోతే నేను దాచేవాడినే. గోలీల పేర్లు రెండూ ఇప్పుడు నాకు వచ్చు, మొదటిసారి చిట్టీ చూసి చదివి నేర్చుకున్నాను. డబ్బా షాపు గల్లాలో పెట్టుకున్నాను, ఇంట్లో ఇంకొక పట్టీ. షాపులో బిల్లు పుస్తకాలు ఉంటాయి కదా, అందులో ఒకటి తీసి తేదీ, గోలీ, షుగర్ అంకె, నడక రాస్తున్నాను. వ్యాపారంలో ఐదు రూపాయల లెక్క తప్పితే రాత్రి నిద్ర పట్టదు నాకు, నా ఒంటి లెక్క రెండేళ్లు ఎవరికో అప్పజెప్పి కూర్చున్నాను. మొదటి పేజీలో మూడు చోట్ల "వేసుకోలేదు" అని ఉంది. ఒకటి హైదరాబాద్‌లో పెళ్లికి పోయిన రోజు, రెండు మాత్రం ఏ కారణం లేదు. అవి కూడా అట్లే రాసి ఉంచాను, కొట్టేయలేదు.

నడక పొద్దున నావల్ల కాలేదు, షాపు తీయాలి. రాత్రి తిన్నాక పావుగంట మా వీధిలోనే, ఆదివారం పానగల్లు చెరువు కట్ట మీద గంట. కట్ట మీద గాలికి నడవడం బాగుంది, చిన్నప్పుడు నాయన సైకిల్ మీద ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకుపోయేవాడు. పరగడుపు షుగర్ పోయిన వారం 138. మూడు నెలల పరీక్షకు ఇంకా టైం ఉంది. మూత్రం పరీక్ష చేయించాను, ఆల్బుమిన్ మామూలుగానే ఉంది. ఆ కాగితం చేతిలోకి వచ్చేదాకా నాకు ఎంత టెన్షన్ ఉందో చెప్పలేను, ల్యాబ్ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఇంక అసలు విషయం. టీచరక్క రాసిన మొదటి జవాబు మా ఇంటామెకు చదివి వినిపించాను. ఆమె విని ఏమీ అనలేదు. "నీ బీపీ ఎప్పుడు చూపించుకున్నావు" అని అడిగాను. చిన్నోడు పుట్టినప్పుడు అంది. వాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. నాకు తల తీసేసినట్టయింది. మరుసటి రోజు షాపు పదింటికి తీస్తానని బోర్డు పెట్టి ఆమెను తీసుకుపోయాను. 152 మీద 96. వెంటనే గోలీ ఇవ్వలేదు, వారం రోజులు పొద్దున సాయంత్రం ఇంట్లో చూసి రాసుకుని రమ్మన్నారు. ఆమె చెల్లెలి కాన్పుకు పోయి పన్నెండు రోజులు నిద్ర లేకుండా తిరిగింది, వచ్చాక నా గోలీలు లెక్కపెట్టింది, ఆమెకు ఏముందో ఎవరూ లెక్కపెట్టలేదు.

సిస్టర్, ఒక్కటి అడుగుతాను. ఇంట్లో చూసుకునే బీపీ మిషన్ కొందామని పోతే మణికట్టుకు పెట్టుకునేది ఒకటి, జబ్బకు కట్టేది ఒకటి చూపించారు. మణికట్టుది చిన్నగా బాగుంది అని ఆమె అంటోంది. ఏది తీసుకోవాలి?


సబ్‌సెంటర్ సిస్టర్ (దేవరకొండ దగ్గర):

జబ్బకు కట్టేదే తీసుకోండి అన్నా. మణికట్టుది చేయి గుండె ఎత్తుకు సరిగ్గా పెట్టకపోతే అంకె తప్పు చూపిస్తుంది. పట్టీ ఆమె చేతికి సరిపోయే సైజుదా అని షాపులోనే కట్టి చూడండి. చూసే ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేల మీద ఆనించి కూర్చోవాలి, మాట్లాడొద్దు, అరగంట ముందు చాయ్ తాగొద్దు. నిమిషం ఆగి రెండోసారి కూడా చూసి రెండూ రాయాలి. వంట మధ్యలో పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి చూసుకుంటే ఎక్కువే వస్తుంది, కాబట్టి ఆ పది నిమిషాలు పొయ్యి దగ్గర మీరు నిలబడండి.


ఉదయసముద్రం (నల్గొండ):

సరే సిస్టర్. ఈ రోజే తెస్తాను. బిల్లు పుస్తకం ఇంకొకటి ఉంది, ఆమెకు అది ఇస్తాను, ఆమె పేరు ఆమెనే రాసుకోమంటాను.